సుజాతక్క చేతికి ఏమీ కాలేదు

2025 దీపావళి వెళ్లిన కొత్తలో, నాగ్‌పాడాలోని ఒక ఎంబ్రాయిడరీ కార్ఖానాలో కంప్యూటర్లు మార్చారు. ఆ ఏడు పాత విండోస్‌కు అప్‌డేట్లు ఆగిపోవడంతో మా చుట్టుపక్కల చాలామంది అదే పని చేశారు. కార్ఖానా యజమాని ఇర్ఫాన్ భాయ్ కొత్త మెషీన్లు కొని, వాటిలో లినక్స్ వేయించాడు. కంప్యూటర్‌ను నడిపించే అసలు సాఫ్ట్‌వేరే మారిపోయిందన్నమాట. ఆ పని చేసింది నేను కాదు. కామాటిపురాలో మా చాల్, అంటే వరసగా ఒంటిగది ఇళ్లున్న పాత భవనం, దాని కింద నాకో కంప్యూటర్ రిపేరు దుకాణం ఉంది. నా దగ్గరికి వచ్చేవి చెడిపోయాకే వస్తాయి.

మా చాల్‌లోనే పై అంతస్తులో ఉండే సుజాతక్క ఆ కార్ఖానాలో పంచింగ్ చేసేది. పంచింగ్ అంటే తెర మీద కనిపించే బొమ్మ అంచుల వెంట మౌస్‌తో గీసుకుంటూ పోవడం. ఆ గీతలను బట్టే కుట్టుయంత్రం సూది నడుస్తుంది. గీత ఎక్కడ వణికితే కుట్టు అక్కడ వణుకుతుంది. పెళ్లికూతుళ్ల జాకెట్ల మీద తీగలు, హంసలు, మామిడిపిందెలు అక్క గీసినంత నున్నగా గీసేవాళ్లు ఆ సందుల్లో లేరు.

అలాంటి మనిషి ఒక మధ్యాహ్నం దుకాణానికి వచ్చి స్టూలు మీద కూలబడింది.

"తమ్మీ, నీ దుకాన్ల బిల్లులు టైప్ కొట్టే పనేమన్న ఉందా?"

నవ్వులాటకు అంటోందనుకున్నాను. ఆమె నవ్వలేదు.

"నా చెయ్యి ఖరాబైంది. నెమలి మెడ గీద్దమంటే పాము లెక్క వంకర్లు పోతుంది. వానకాలంల చికున్‌గున్యా వచ్చింది గద, అప్పటిసంది వేళ్లు నొస్తనే ఉన్నయి. డాక్టర్ నరాలు మంచిగనే ఉన్నయంటడు. నాకు నమ్మకం లేదు."

శుక్రవారంలోగా ఒక పెద్ద పెళ్లి ఆర్డరుకు నెమలి డిజైన్ ఇవ్వాలట. ఇవ్వలేకపోతే ఆ పని సూరత్‌లో వేరేవాళ్లకు పంపుతానన్నాడట ఇర్ఫాన్ భాయ్. ఒకసారి పోయిన పని మళ్లీ తిరిగి రాదని ఆమెకు తెలుసు.

ఆ సాయంత్రమే కార్ఖానాకు వెళ్లాను. ఇర్ఫాన్ భాయ్ చెడ్డవాడు కాదు. నన్ను చూడగానే, "దేఖో భాయ్, మౌస్ భీ బదల్ దియా. మెషీన్ ఏక్‌దమ్ నయా హై. బేచారీ కా హాథ్ హీ..." అని, అక్క వినకూడదన్నట్టు మాట మింగేశాడు. మౌస్ మార్చినా, మెషీన్ కొత్తదైనా, లోపం పాపం ఆమె చేతిలోనే ఉందన్నది ఆయన మాట. అక్క విననే విన్నది.

నేను మా దుకాణం నుంచి తెచ్చిన మౌస్ పెట్టి చూశాను. కింద ప్యాడ్ మార్చాను. సెట్టింగ్స్‌లో పాయింటర్ వేగం తగ్గించాను, పెంచాను. ప్రతిసారీ అక్క పళ్ల బిగువున ఒక గీత గీసేది. ప్రతిసారీ నెమలి మెడ వంకరగానే వచ్చేది. నాకూ అనుమానం మొదలైంది. లోపం చేతిదేనేమో.

"అక్కా, కంప్యూటర్ వదిలెయ్. ఆ నెమలి మెడ కాయితం మీద గియ్యి" అని పెన్సిల్ అందించాను.

ఆమె తల వంచి, ఊపిరి బిగబట్టి, తలపై కుచ్చు దగ్గర మొదలుపెట్టి రొమ్ము దాకా ఒక్క గీతలో దించింది. ఎక్కడా చిన్న వణుకు లేదు. గీసిన తనే దాన్ని అలా చూస్తూ ఉండిపోయింది.

"చెయ్యి మంచిగనే ఉంది గదక్కా! ఇప్పుడు చెప్పు. మౌస్ పట్టుకుంటే సరిగ్గా ఏమైతది?"

"మెల్లగ జరిపితే కదల్తనే లేదు. జర జోర్ చేస్తే ఉరుకుతుంది. పాతదాంట్ల గిట్ల లేకుండె."

అక్కడ దొరికింది నాకు దారి. పాత కంప్యూటర్ ఇంకా మూలన గుడ్డ కప్పుకుని ఉంది. దాన్ని తెచ్చి కొత్తదాని పక్కన పెట్టి ఆన్ చేశాను. కత్తిరింపుల బల్ల మీదున్న స్కేలు తీసుకుని మౌస్ పక్కన ఆనించాను. పాతదానిలో మౌస్‌ను స్కేలు వెంట ఒక అంగుళం మెల్లగా జరిపితే పాయింటర్ ఎక్కడ ఆగిందో, గబుక్కున జరిపినా అక్కడే ఆగింది. కొత్తదానిలో మెల్లగా జరిపితే తెర మధ్యకు కూడా రాలేదు. అదే దూరం గబుక్కున జరిపితే అంచుకు వెళ్లి గుద్దుకుంది.

"ఇర్ఫాన్ భాయ్, ఇధర్ ఆవో" అని పిలిచి ఆయన చేతే స్కేలు పట్టించి మళ్లీ చేసి చూపించాను.

దీన్ని మౌస్ యాక్సిలరేషన్ అంటారు. చెయ్యి ఎంత వేగంగా కదిలితే పాయింటర్‌ను అంత ఎక్కువ దూరం తీసుకుపోయే ఏర్పాటు. ఈమెయిళ్లు చూసుకునేవాళ్లకు అది హాయిగానే ఉంటుంది. బొమ్మ అంచు వెంట గీసేవాళ్లకు మాత్రం ప్రాణసంకటం, ఎందుకంటే వంపు దగ్గర చెయ్యి నెమ్మదిస్తుంది, తిన్నని చోట వేగం పుంజుకుంటుంది. పాత కంప్యూటర్‌లో ఎవరో ఎప్పుడో దాన్ని ఆపేసి ఉంచారు. కొత్తదానిలో అది నడుస్తూనే ఉంది. నేను తగ్గించి పెంచిన పాయింటర్ వేగం వేరు, ఇది వేరు. ఆ లినక్స్‌లో దాన్ని ఆపే మీట మామూలు సెట్టింగ్స్‌లో కనిపించదు. లోపలికి వెళ్లి ఒక కమాండ్ కొట్టి ఆపాను. కొత్త తెర పెద్దది కాబట్టి, స్కేలు పెట్టుకుంటూ పాతదాని నడకకు సరిపోయేదాకా వేగం సర్దాను.

"ఇప్పుడు గియ్యక్కా."

ఆమె వెంటనే మౌస్ ముట్టలేదు. అరచెయ్యి చీరకు తుడుచుకుంది. తర్వాత పట్టుకుని కుచ్చు దగ్గర మొదలుపెట్టింది. పాయింటర్ మెడ వంపులో చెయ్యి వెంటే దిగింది, రొమ్ము మీద తిరిగింది, రెక్క అంచు మొదట్లో ఆగింది. వంకర లేదు.

"బఘ్ తమ్మీ, బఘ్! చూడు!" అని అరిచింది. అవతల యంత్రాల దగ్గరున్నవాళ్లు కూడా తిరిగి చూశారు.

ఆ గీతను తుడిపేసి మళ్లీ గీసింది. మళ్లీ తుడిపి మళ్లీ గీసింది. అవసరమై కాదు, సంతోషం పట్టలేక. కళ్లలోంచి నీళ్లు కారుతున్నా తెర మీంచి చూపు తిప్పలేదు.

శుక్రవారం కంటే ముందే నెమలి పూర్తయింది. యంత్రం మీదికి ఎక్కించిన రోజు నన్నూ పిలిచారు. ఎర్ర పట్టు మీద నీలి దారం పరుగెత్తుతుంటే ఒక్కో ఈక విచ్చుకుంది. ఇర్ఫాన్ భాయ్ బట్టను వెలుతురుకు ఎత్తి చూశాడు. అక్క ఎదుటే సూరత్‌కు ఫోన్ కలిపి, "నహీ భాయ్, జరూరత్ నహీ. హమారీ సుజాతా నే కర్ దియా" అన్నాడు, ఇక అక్కర్లేదు, మా సుజాతే చేసేసిందని. అక్క కొంగు నడుముకు దోపుకుని తర్వాతి డిజైన్ తెరిచింది.

చాలా ఏళ్లుగా యంత్రాలు బాగుచేస్తున్నాను. మనుషులు ఎంత తొందరగా తప్పు తమదేనని ఒప్పేసుకుంటారో నాకు ఆ పనిలోనే అర్థమైంది. ఒంట్లో కాస్త నలత, కాస్త వయసు ఉంటే చాలు, కొత్త యంత్రం ముందు పాత నైపుణ్యం తలదించుకుంటుంది. ఇప్పుడు ఎవరైనా వచ్చి తమకు చేతకావట్లేదంటే, ముందు వాళ్ల పక్కన కూర్చుని ఏది మారిందో వెతుకుతాను. ఇన్నేళ్లు గురి తప్పని చెయ్యి ఉన్నట్టుండి తప్పిందంటే, చేతిని చివరన అనుమానించాలి.