నేను కడిగిన పేగులు

నా చిన్నప్పుడు మేడ్చల్‌లో మా పక్కింటి అక్క చేప పేగులు కొలిచేది. ఇప్పుడు చెబితే మా పిల్లలు నవ్వుతారు. అక్క పట్నంలో జంతుశాస్త్రం పీజీ చదివేది. కొర్రమీను, మట్టగిడస దగ్గరి చుట్టాలు, రెండూ చిన్న చేపల్నీ పురుగుల్నీ మింగే బాపతే. మరి వాటి కడుపు, పేగు ఒకే తీరుగా ఉంటాయా లేదా అన్నది ఆమె తేల్చాలి. కొలతలు రాసిన పుస్తకం సోమవారానికి ఇవ్వకపోతే ఏడాది పోతుంది. జ్వరంతో ముందే ఒక ఏడాది పోయింది, ఇంకోటి పోతే చదువు చాలిస్తానని తనే అనేది.

మా అవ్వ శామీర్‌పేట చెరువు చేపలు తెచ్చి అంగట్లో అమ్మేది. ప్రతి చేప పొడవుకు ఒక దారం తెంపి అవ్వ కోసి తీసిన దాని కడుపు, పేగులకు కట్టి, రెండు జాతులనూ రెండు గిన్నెల్లో ఉంచడం నా పని.

ఆ శనివారానివి చివరి చేపలు. అక్క సంతోషపడాలని నాకు ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. మా ఇంట్లో మేక బోటి కడిగినట్టే కడుపులూ పేగులూ అన్నీ నిలువునా చీల్చి, ఉప్పుతో రుద్ది, వేడినీళ్లలో రెండుసార్లు కడిగాను. పేగు మొదట్లో చిటికెనవేళ్లలా వేలాడే రెండు తోకలనూ గిల్లి పారేశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

సాయంత్రం అక్క బస్సు దిగి, చెప్పులైనా విప్పకుండా వచ్చి గిన్నెలు చూసింది. వారమంతా నిద్రలేక కళ్లు లోతుకు పోయి ఉన్నాయి. తిడుతుందనుకున్నాను. గోడకు ఆనుకుని అలాగే కూలబడింది.

"గివేంది, బోటి లెక్క కడిగినవా?"

"మస్తు సాఫ్ జేసిన అక్కా."

వేడినీళ్లకు పేగు ముడుచుకుపోతుందని, చేప ఏం తిన్నదో కడుపులోనే చూడాలని, ఆ రెండు తోకలనూ కొలవాలని మెల్లగా చెప్పింది. నాకు ఏడుపొచ్చింది. నా తప్పు కప్పుకుందామని, "మొన్నటివి గూడ గిట్లనే ఉండె గద. గవే అంకెలు రాయరాదు, ఎవలకు తెలుస్తది?" అన్నాను.

అక్క కొలతల పుస్తకం తెరిచింది. కలం తీసింది. రాసేస్తే బాగుండునని లోపల దేవుడికి మొక్కుకున్నాను. ఆమె ఆ చేపల గళ్ల మీద అడ్డంగా గీత కొట్టి 'పాడైనవి' అని రాసింది.

"నేను సూడలే గదనే," అంది. "రేపు పొద్దుగాల మీ అవ్వతోని చెరువుకాడికి వస్త. జల్దీ లేపు."

మర్నాడు కట్ట మీద అవ్వ పక్కన కూర్చుని చేపలు తనే కోసింది. మధ్యమధ్య కునికిపాట్లు పడుతుంటే స్కేలు నేను పట్టుకున్నాను. మట్టగిడసలు నాలుగే దొరికాయి. నాలుగే అని రాసింది. చేపలు తగ్గినందుకు మార్కులు కోశారట. ఏడాది మాత్రం దక్కింది.

ఇప్పుడు నేను మేడ్చల్‌లోనే రక్తపరీక్షలు చేస్తాను. సాయంత్రానికి కాళ్లు లాగేస్తాయి. ఆఖరి సీసాలో రక్తం గడ్డకట్టిందని తెలిసినప్పుడు, ఆ మనిషిదే పోయిన నెల అంకే వేసేస్తే ఇంటికి పోవచ్చు కదా అని నాకూ అనిపిస్తుంది. అబద్ధమెందుకు, ప్రతిసారీ అనిపిస్తుంది. అయినా గీత కొట్టి 'పాడైంది' అని రాసి, మళ్లీ రక్తమివ్వమని వాళ్లకు ఫోన్ చేస్తాను. ఆ వచ్చినవాళ్లు నన్ను తిట్టుకుంటూనే మళ్లీ చెయ్యి చాపుతారు.