తడిస్తే పాడయ్యే ఇసుక

ఆ రోజుల్లో నాకు చదువు తప్ప అన్నీ వచ్చని నేననుకునేవాణ్ణి. చదువుతో సహా ఏదీ రాదని మిగతా ఊరంతా అనుకునేది. ఎక్కువమంది మాటే నెగ్గుతుంది కాబట్టి ఎనిమిదో తరగతి సగంలో నాకూ బడికీ తెగిపోయింది. (నేనే బడి మానేశానని మా అమ్మ చుట్టాలతో చెప్పేది. బడే నన్ను మానేసిందని మా లెక్కల మాస్టారు చెప్పేవారు. ఆయన లెక్క ఎప్పుడూ తప్పలేదు.) మాది దర్శి పక్క పల్లె. మాకు నీళ్ళంటే ట్యాంకరు, వరదంటే ఆ ట్యాంకరు పైపు ఊడిపోవడం. అలాంటివాణ్ణి మా మేనమామ తీసుకొచ్చి వాడరేవులో, సముద్రానికి కూతవేటు దూరంలో ఉన్న హోటల్లో సర్వరుగా పెట్టాడు. మొదటి రోజు సముద్రాన్ని చూసి, "ఇన్ని నీళ్ళు ఇక్కడ పెట్టుకుని మా ఊరికి ఒక్క ట్యాంకరు పంపడానికి ఏడుస్తారేంటి?" అన్నాను. అంతే, అప్పట్నుంచి అక్కడ నా పేరు 'దర్శి' అయిపోయింది.

ఆ హోటలుకో విశేషం ఉంది. వాడరేవులో గాలి కూడా చేపల పులుసు వాసన వేస్తుంది. అలాంటి చోట మా అయ్యగారు ఉల్లిపాయ కూడా లేని శాకాహార భోజనం పెట్టేవారు. మొదట్లో ఈయన ఆరునెల్లు కూడా నిలవడని పందేలు వేసుకున్నారట. కానీ చీరాల నుంచో చిలకలూరిపేట నుంచో కారేసుకుని వచ్చే ప్రతి కుటుంబంలోనూ ఒక మడి బామ్మగారుంటుంది గదా, ఆవిడ పుణ్యమా అని మిగతా నలుగురూ పీతల వేపుడు మీద ఆశ చంపుకుని మా పప్పు తినేవారు. ఇక కార్తీకమాసం వచ్చిందంటే సముద్రస్నానాల జనంతో హాలు నిండిపోయేది. మా సంవత్సరమంతా ఆ ఒక్క నెల మీదే నిలబడేది. అయ్యగారు మాట తక్కువ మనిషి. భుజం మీద తువ్వాలు, ఆజ్ఞలన్నీ కనుబొమ్మలతో. ఆయన మాట్లాడకుండా మిగిల్చిన మాటలన్నీ నేను మాట్లాడేవాణ్ణి.

తుఫానులు కూడా ఏం ముహూర్తం చూసుకుంటాయో గానీ కార్తీకంలోనే వస్తాయి. ఆ ఏడు టీవీలో వాయుగుండం మాట వినపడగానే అయ్యగారు నన్ను పిలిచి, "ఒరే దర్శీ, హోటలు సర్దు" అన్నారు. "నేనాండీ? నాకు తుఫానంటే ఏంటో కూడా తెలీదండి" అన్నాను. "అందుకే. తెలిసినవాడైతే ఈపాటికి చీరాలలో బస్సెక్కేవాడు" అన్నారు.

హాలుకి స్లాబు ఉంది, వెనక వంటింటికి రేకులు. నేను తెలివిగా రేకుల మీదుగా మోకు వేసి పక్కనున్న కొబ్బరిచెట్టుకి బిగించి కట్టాను. వంటమాస్టరు వచ్చి చూసి, "చెట్టు పడితే ఏంట్రా?" అన్నాడు. "రేకులు పట్టుకుంటాయి మాస్టారూ" అన్నాను. ఆయన నన్ను ఒక బూతు మాటతో దీవించి, మోకు విప్పి, నేలలో దిగేసిన ఇనుప గూటాలకి కట్టాడు. బోర్డు దించాం. గ్యాసు సిలిండర్లు లోపలికి చేర్చాం. బియ్యం బస్తాలు టేబుళ్ళెక్కాయి. గ్రైండరుకి టార్పాలిన్ పట్టా చుట్టి చంటిపిల్లలా పడుకోబెట్టాం. డ్రమ్ముల నిండా మంచినీళ్ళు పట్టాం. చివరికి మిగిలింది ఇసుక బస్తాలు. నీళ్ళు లోపలికి రాకుండా గుమ్మం దగ్గరా, గోడల వెంబడీ పేర్చాలి. నాకు పారా, ఖాళీ సంచులూ ఇచ్చి ఒడ్డుకి తోలారు. గుమ్మానికి సరిపడా నింపి మోసేసరికే నా నడుం నా మాట వినడం మానేసింది.

సరిగ్గా అప్పుడొచ్చింది ఎండుచేపల అత్త. (వరసకి నాకేమీ కాదు. రోజూ హోటలు ముందు నుంచి తట్ట నెత్తిన పెట్టుకుని పోతూ నన్ను తిట్టేది కాబట్టి అత్త అని నేనే పెట్టుకున్నాను.) తుఫాను వెళ్ళేదాకా గుడిసెల్లోవాళ్ళందర్నీ అధికారులు బడికి తరలిస్తున్నారు. మనుషులు రావచ్చు, చేపల బస్తాలు మాత్రం వద్దన్నారట. అత్తా, ఆమె వెనకే ఇంకో ముగ్గురు ఆడవాళ్ళూ బస్తాలతో ఇసుకలో నిలబడిపోయారు.

"ఒరే అబ్బాయ్, నీ నోటికి తాళం లేదు గానీ మీ హోటలుకి తాళముంది గదా. ఆ స్లాబు కింద ఇంత చోటిప్పించరా" అంది.

"అత్తా, అది హోటలా గుడా అన్నట్టుంటుంది. అందులో ఎండు నెత్తళ్ళు పెడతానంటావా?"

"ఇవి తడిస్తే పురుగేరా. వేసవి నుంచి ఎండబెట్టుకున్నవి. మళ్ళీ పడవలు దిగేదాకా ఏం అమ్ముకోవాలి, పిల్లలకేం పెట్టాలి?"

ఎప్పుడూ నన్ను నాలుగు తిట్టి నవ్వే మనిషి ఆ రోజు నవ్వలేదు. నాకూ వేళాకోళం రాలేదు. (నా జీవితంలో ఇది గ్రహణం కన్నా అరుదు.) అయ్యగారిని అడిగే ధైర్యం నాకు లేదు. కార్తీకమాసంలో ఆయన హాల్లో ఎండుచేపలా? అడిగితే నన్నూ వాళ్ళతోపాటు బడికి పంపేస్తారు, నాకేమో బడంటే ఆది నుంచీ పడదు. అప్పుడు చేతిలోని పార కేసి చూసుకున్నాను. బుర్ర వెలిగింది.

"అత్తా, బస్తా మూతులు విప్పండి. పైన పట్టా ముక్క పరిచి నాలుగు దోసిళ్ళు ఇసుక పోసి మళ్ళీ కట్టండి. ఇక అవి చేపలు కావు, ఇసుక బస్తాలు."

"మరి వాసనో?"

"వాడరేవు ఇసుకకి మల్లెపూల వాసన వస్తుందా ఏంటి?"

చిక్కంతా మోసేటప్పుడు వచ్చింది. ఎండుచేపల బస్తా ఇసుక బస్తా అంత బరువుండదు గదా. నేను కాళ్ళు వంకర్లు తిప్పుతూ, "అబ్బా, అమ్మా" అంటూ ఒక్కొక్కటీ మోస్తుంటే, వెనక అత్త చంకకొకటి చొప్పున రెండు పెట్టుకుని చకచకా వచ్చేస్తోంది. "అత్తా, కాస్త మూలుగు!" అని పళ్ళ మధ్య నుంచి అన్నాను. మొహమాటానికి ఒకసారి దగ్గింది. అయ్యగారు గల్లా దగ్గర కూర్చుని అంతా చూస్తున్నారు.

"బయట ఇంకా ఉన్నాయా?" అన్నారు.

"ఉ... ఉన్నాయండి."

"అవీ లోపలేయించు. చినుకులు మొదలయ్యాయి. ఇసుక తడిస్తే పాడైపోతుంది."

పాపం, ఇంత వయసొచ్చినా లోకం తెలీని మనిషి అని జాలిపడ్డాను. అత్త వైపు తిరిగి కన్నుగీటాను. ఆమె నా వైపు చూడలేదు. ఆయనకి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. భలే నటిస్తోందే అనుకున్నాను.

మధ్యాహ్నానికి గాలి అందుకుంది. ఆడవాళ్ళు బడికి వెళ్ళిపోయారు. హాల్లో అయ్యగారు, అమ్మగారు, వంటమాస్టరు, నేను, ఎక్కణ్ణుంచి వచ్చిందో ఒక పిల్లి. తలుపులన్నీ మూసేసరికి వాసన లేచి కూర్చుంది. మాస్టరు ముక్కెగరేసి, "ఏంట్రా ఇది?" అన్నాడు. "వాయుగుండం వాసన మాస్టారూ. గుండ్రంగా తిరిగి సముద్రం అడుగునున్నదంతా పైకి లాగుతుంది గదా" అన్నాను. అమ్మగారు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "అంతేలే నాయనా, చదువుకున్నవాడివి, నీకే తెలియాలి" అన్నారు. పిల్లి మాత్రం బస్తాల మీంచి దిగనంటే దిగనని ఒట్టేసుకుంది.

ఇంతలో వంటింటి వైపు గడప మీంచి నీళ్ళు వచ్చేశాయి. పాయలా జారి నేరుగా గోడవారగా ఉన్న అత్త బస్తాల వైపు పోతున్నాయి. ఇసుక బస్తాల్ని నీళ్ళ నుంచి కాపాడమని ఏ మొహం పెట్టుకుని అడగను? నేనింకా సాకు వెతుక్కుంటూనే ఉన్నాను, అయ్యగారు పంచె ఎగ్గట్టి లేచారు. "పట్టరా! ఆ బియ్యం ఒకదాని మీద ఒకటి వేసి చోటు చెయ్యి. బస్తాలు టేబుళ్ళ మీదకి!" అన్నారు. అమ్మగారు కూడా ఒక చెయ్యేశారు. నీళ్ళని ఆపాల్సిన ఇసుకని నీళ్ళు అందకుండా మేం నలుగురం టేబుళ్ళెక్కించాం. పిల్లి దగ్గరుండి పర్యవేక్షించింది. అప్పుడు కూడా నా బుర్రకి ఏమీ తట్టలేదంటే, లెక్కల మాస్టారు నా గురించి ఎంత బాగా తెలుసుకున్నారో చూడండి.

చీకటి పడకముందే గాలి తగ్గింది. కొబ్బరిచెట్టు పడింది. మాస్టరు కట్టిన రేకులు నిలబడ్డాయి. (ఈ విషయం మాస్టరు నాకు గుర్తుచేయని రోజు లేదు.) మర్నాడు అత్తావాళ్ళు వచ్చి, ఒక్క చేపకి కూడా చెమ్మ తగల్లేదని చూసుకుని తీసుకుపోయారు. పోతూ పోతూ అత్త నన్ను మళ్ళీ తిట్టింది. ప్రాణం కుదుటపడింది. వాసన మాత్రం హాల్లోనే ఉండిపోయింది, సోమవారం స్నానాల జనం వచ్చేస్తారు. అమ్మగారు చెప్పాపెట్టకుండా నిప్పుల్లో గుప్పెడు ఎండుమిరపకాయలు వేసి హాలంతా తిప్పారు. "గాలివాన వెళ్ళాక దిష్టి తియ్యడం మా పుట్టింటి ఆచారం" అన్నారు. గుంటూరు మిరపకాయ ముందు ఏ చేప నిలబడుతుంది? వాసనతోపాటు మేం కూడా దగ్గుకుంటూ రోడ్డు మీద పడ్డాం. ఆ తర్వాత సాంబ్రాణి. సోమవారం బామ్మలంతా వచ్చి పప్పు కలుపుకుని హాయిగా తిని వెళ్ళారు.

ఇప్పుడు నాకు చీరాలలో సొంత టిఫిను బండి ఉంది. దాని దగ్గర ఈ కథ చెప్పుకుని నేను తిన్న పొగడ్తలు, జనం తిన్న ఇడ్లీల కన్నా ఎక్కువ. అంత పెద్దమనిషిని ఎంత తేలిగ్గా బురిడీ కొట్టించానో కదా అని మీసం దువ్వుకునేవాణ్ణి. ఆ మీసాలు, ఆ ధీమా తల్చుకుంటే ఇప్పుడు ముద్దొస్తుంది. మొన్న కార్తీకంలో పిల్లల్ని తీసుకుని వాడరేవు వెళ్ళి, అయ్యగారి హోటల్లోనే భోజనానికి కూర్చున్నాను. ఆయనే స్వయంగా మజ్జిగ పోస్తున్నారు. పిల్లల ముందు గొప్ప చూపించుకోవాలని నా నోరు ఊరుకోలేదు. "అయ్యగారూ, ఆ తుఫాను రోజు బస్తాల్లో ఉన్నది ఇసుక కాదండీ, ఎండుచేపలు!" అనేశాను.

ఆయన గరిటె గిన్నెలో పెట్టి, తువ్వాలుతో చేతులు తుడుచుకుని, కనుబొమ్మలు కాస్త ఎత్తి అన్నారు: "ఒరే దర్శీ, చేపల వల్ల నా హోటలుకి ఏ మైలా అంటలేదురా. ఇన్నేళ్ళూ తెలీనట్టుగా ఎంత హాయిగా ఉన్నాను! ఇవాళ నువ్వొచ్చి నోరారా చెప్పి మైల అంటించావు. భోంచేసి లే, బకెట్టు తెచ్చిస్తాను, హాలంతా కడిగిపో!"