ఐదో నంబరు సాంచ

నూలు వ్యాపారి పెట్టిన స్కీములో మా ఆయనకు విదేశీ యాత్ర తగిలింది. ఇద్దరికి పద్దెనిమిది రోజులు. బ్యాంకాక్, కౌలాలంపూర్, సింగపూర్, చివరి వారం బాలి. లింబాయత్ సందులో ఎనిమిది మరమగ్గాలు, మా మాటలో సాంచలు, నడుపుకునే మనిషికి ఇంత యోగమా అని వాడకట్టంతా ముక్కున వేలేసుకుంది. మా మరిది మాత్రం మూతి ముడుచుకున్నాడు. ఆయన పెళ్లి చేసుకోలేదు. కింద సాంచల పక్కనే మంచం వేసుకుని పడుకుంటాడు.

"మీరు దేశాలు తిరుగుండ్రి. నేను గీడ కావలి కుక్కను" అన్నాడు.

నా నోరు మంచిది కాదు. "నువ్వు గూడ వస్తే సాంచలు ఎవలు నడుపుతరు? మీ అమ్మ లేచొచ్చి నడుపుతదా?" అన్నాను.

మా అత్త పోయి అప్పటికి ఏడాది దాటిందంతే. మరిది మళ్లీ నాతో మాట్లాడలేదు. బయల్దేరే రోజు పెట్టెలు మోసి ఆటోలో పెట్టాడు గానీ నా ముఖం చూడలేదు.

అత్తకు ఒక పట్టింపు ఉండేది. ఇంటి మనిషి దూరం పోతే, తిరిగొచ్చి ముందు గడప తొక్కేదాకా రోజూ ఒక్క సాంచ అయినా ఆడాలి. చప్పుడు ఆగితే పోయినవాళ్లు దారి తప్పుతారట. ఎవరు ఊరికి పోయినా సరే, ఆమె ఐదో నంబరు సాంచ పక్కన పీట వేసుకుని, నూలు చుట్టిన కండెలు అందిస్తూ, దాన్ని ఆగనిచ్చేది కాదు. మేము చాటుగా నవ్వుకునేవాళ్లం. అందరికంటే ఎక్కువ నవ్వింది మరిదే.

మేము బాలి చేరేసరికి అంటురోగం భయానికి లోకం పలచబడింది. హోటల్లో పొద్దున ఫలహారానికి దిగితే పెళ్లి పంక్తిలా బల్లలు వేసి ఉన్నాయి, హోటల్ మొత్తానికి మేము తొమ్మిది మందిమి. ఈతకొలను చుట్టూ ఒకాయన కుర్చీలు సర్ది, ఒక్కోదాని మీద తువ్వాలు మడిచి పెట్టేవాడు. ఎవరూ రాకపోయినా సాయంత్రం అన్నీ తీసి, పొద్దున మళ్లీ పరిచేవాడు. గుడి దగ్గర గైడు ఇరవై అడుగుల దూరం నిలబడి, స్థలపురాణాన్ని మా ఇద్దరికీ అరిచి చెప్పాడు. పళ్లు వేసే జనం లేక కోతులు రోడ్డు మీదికి వచ్చి కూర్చున్నాయి. అవి గంతులేయలేదు, చేతుల్లోవి లాక్కోలేదు. ఊరికే మమ్మల్ని చూశాయి.

నన్ను అన్నిటికంటే బెదరగొట్టింది బల్ల మీది మంచినీళ్ల గ్లాసు. అందులో నీళ్లు కదలడం లేదు. మా ఇంట్లో నీళ్లు ఎప్పుడూ కదులుతాయి. పైగదిలో చెంబు పెడితే, కింది సాంచల అదురుకు నీటి మీద సన్నటి ముడతలు పరుగెడుతూ ఉంటాయి. కాపురానికి వచ్చిన ముప్పై ఏళ్లలో నేను నిలకడగా ఉన్న నీళ్లను చూసి ఎరుగను. ఆ గ్లాసును పక్కకు జరిపేసి, దాహంతోనే లేచి వచ్చాను.

ఇంకా నాలుగు రోజుల యాత్ర మిగిలుండగానే పెట్టెలు సర్దుకోమన్నారు. విమానం దిగాక ఎడమచేతి మీద ముద్ర కొట్టారు. పధ్నాలుగు రోజులు గది దాటొద్దన్నారు. మరిది ముక్కుకు గుడ్డ కట్టుకుని వచ్చి, పెట్టెలు పైకి చేర్చి, మాట లేకుండా వెళ్లిపోయాడు. ఆయనకు అంటకూడదని మేము ముందు గడప తొక్కలేదు. సందులోని ఇనుప మెట్లెక్కి నేరుగా పైగదికి పోయాము.

రెండు రోజులకు ఊరంతా మూతపడింది. మా పనివాళ్లు అంతకుముందే దొరికిన రైలు పట్టుకుని ఊళ్లకు పోయారు. లింబాయత్‌లో సాంచలన్నీ ఆగాయి. పావురం రెక్క విదిలిస్తే వినబడేది. నాలుగో ఇంట్లో గరిటె కింద పడితే వినబడేది. చెంబులో నీళ్లు బాలిలో లాగే నిలబడిపోయాయి.

మా ఆయన మాత్రం యాత్ర మానలేదు. యాత్రవాళ్లు ఇచ్చిన కాగితం పట్టుకుని, అక్కడ కొన్న గడ్డి టోపీ పెట్టుకుని, కిటికీ ముందు నిలబడేవాడు.

"ఇయ్యాల పదహారో దినం. పొద్దుగాల అగ్గికొండ. మాపటికి సముద్రంల గుడి" అని ఎదురింటి గోడకు చదివి వినిపించేవాడు. నవ్వొచ్చేది.

కాగితం ముగిసిన మర్నాడు, పొద్దున పది గంటలకు, కింద ఒక సాంచ మొదలైంది.

మూడు దెబ్బలు సమంగా, నాలుగోది కొంచెం ఆలస్యంగా. కుంటి మనిషి నడకలా. ఎనిమిదింటిలో అలా కుంటేది ఒక్కటే, ఐదో నంబరు.

"ఏందయ్యా, వినబడుతలేదా?" అన్నాను.

మా ఆయనకు సాంచల మధ్య సగం చెవుడు వచ్చింది. "నీ చెవులల్ల ఉన్నదే అది. ముప్పై ఏండ్ల చప్పుడు, గంత జల్ది పోతదా?" అన్నాడు.

మరిదికి ఫోన్ చేశాను. తగాదా తర్వాత మొదటిసారి మాట్లాడాడు. గొంతు పీలగా ఉంది. "ఎవలు నడుపుతరు వదినే? ఫ్యూజు గూడ పీకేసిన. పండుకో జర."

రోజూ అదే వేళకు ఓ అరగంట ఆడి ఆగేది. చెంబు నేల మీద పెట్టి చూశాను. నీళ్లు వణికాయి. మా ఆయనకు చూపిస్తే పక్కింటి మోటారన్నాడు. మరిది ఎప్పటిలాగే రెండు పూటలా టిఫిను గిన్నె మెట్ల మీద పెట్టి, పైపు మీద రెండుసార్లు కొట్టి పోయేవాడు. మనిషి మాత్రం కనబడడు.

నాకు భయం పట్టుకుంది. మీ అమ్మ లేచొచ్చి నడుపుతదా అన్నది నేనే. పిలిచింది నేనే. గోడకు దండం పెట్టి, "అత్తమ్మా, తప్పయింది, నోరు జారిన" అని ఏడ్చాను. మర్నాడు పదికి మళ్లీ మొదలైంది.

నాలుగు రోజులు పోయాక చప్పుడు మారింది. ఎండిపోయినట్టు, డొల్లగా. పోగు ఉన్న సాంచ చప్పుడు వేరు, ఉత్త సాంచ చప్పుడు వేరు. మా ఇళ్లలో అది ఎవరూ చెప్పక్కర్లేదు. అప్పుడు నా భయం ఒక మెట్టు దిగింది. ఎందుకంటే మా అత్త చచ్చి దయ్యమైనా ఉత్త సాంచ నడపదు. కరెంటు దండగని తిట్టి పోస్తుంది.

మరి ఎవరు? ఉన్నది ఒక్క మనిషే. అప్పుడు తట్టింది నాకు. మేము ఇంట్లోకి ఇనుప మెట్ల మీదుగా వచ్చాము. గడప తొక్కలేదు. కాగితం ముగిసినా, మరిది లెక్కలో మేము ఇంకా యాత్రలోనే ఉన్నాము.

ఆ మర్నాడు టిఫిను రాలేదు. ఫోన్ చేస్తే కింద మోగుతున్నది పైకి వినబడింది, ఎవరూ ఎత్తలేదు. పది గంటలకు సాంచ మొదలై, ఆగి, మళ్లీ మొదలైంది. నేను చెప్పులు కూడా వేసుకోకుండా ఇనుప మెట్లు దిగాను.

"ఏమే, పోలీసోళ్లు కొడ్తరే!" అని మా ఆయన అరుస్తూనే ఉన్నాడు.

ముందు తలుపు దగ్గరగా వేసి ఉంది. తోశాను. ఏడు సాంచలు చీకట్లో ఉన్నాయి. ఐదోదాని పక్కన, అత్త పీట మీద, చద్దరు కప్పుకుని మరిది వణుకుతూ కూర్చున్నాడు. పడుగు ముందురోజే అయిపోయింది. పోగు లేకపోతే దానంతటదే ఆగిపోయే కొక్కేన్ని దారంతో కట్టేసి, పోగును మోసే నాడెను ఖాళీగానే అటూ ఇటూ కొట్టిస్తున్నాడు.

నా ముఖం వైపు చూడలేదు. ముందు నా కాళ్లు చూశాడు. నేను గడప బయటే ఉన్నాను. కుడికాలు లోపల పెట్టాను. అప్పుడు హ్యాండిల్ లాగి సాంచ ఆపాడు.

"జరమొచ్చిందని చెప్తే దిగొస్తవని చెప్పలే" అన్నాడు. కాసేపు ఊపిరి తీసుకుని, "టూర్ మంచిగయిందా వదినే?" అన్నాడు.

నుదురు ముట్టుకుంటే కాలిపోతోంది. మా పెట్టెలతోనే తెచ్చి ఆయనకు అంటించామేమో అని ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది. మధ్యాహ్నం ఆసుపత్రి బండి వచ్చి ఆయన్ను తీసుకుపోయింది. మమ్మల్ని రానివ్వలేదు. మళ్లీ నీళ్లు నిలబడిపోయాయి.

మర్నాడు పది గంటలకు నేను కిందికి దిగి, కొక్కేన్ని దారంతో కట్టి, ఐదో నంబరు హ్యాండిల్ లాగాను. మా ఆయన వెనకే వచ్చి, టోపీ తీసి పక్కన పెట్టి, పీట మీద కూర్చున్నాడు. చప్పుడు వినబడదని చెయ్యి సాంచ మీద ఆనించాడు. రోజూ నడిపాము. ఇరవై రెండో రోజున మరిది, ఎముకల గూడై, గోడ పట్టుకుంటూ వచ్చి గుమ్మం ముందు నిలబడ్డాడు. నేను ముందు ఆయన కాళ్లు చూశాను. గడప దాటి లోపలికి వచ్చేదాకా సాంచ ఆపలేదు.