చవుడు మూల మన్ను

మా మేనమామ పోయాడు. పెరంబూరు ఇంట్లో, పొద్దున కాఫీ తాగుతూ, గ్లాసు కింద పెట్టకుండానే. కబురు చెప్పిన అత్తను నేను మొదట అడిగిన మాట, "సోమవారం ఎట్లా అత్తా?" అని. ఏడుపు కంటే ముందు అదే నోటికొచ్చింది. మీరేమనుకున్నా సరే.

మాధవరం అవతల మా తమ్ముడి చేను రోడ్డులో పోతోంది. సర్వేవాళ్ళు నడి ఎండాకాలంలో వచ్చి, బీడని రాసుకుపోయారు. బీడుకిచ్చే ధరతో వాడు ఇంకెక్కడా చేను కొనలేడు, సేద్యం తప్ప వేరే పని రాదు. అది పంటభూమని సోమవారం విచారణలో చెప్పడానికి మామ వస్తానన్నాడు. బ్యాంకులో ఉన్నన్నాళ్ళూ పొలాలకు విలువ కట్టడమే ఆయన ఉద్యోగం.

తడి మన్ను వేళ్ళ మధ్య తాడులా పేని, ఎక్కడ తెగుతుందో చూసి నేల రకం చెప్పేవాడు. నాకూ నేర్పాడు, చిన్నప్పుడు నా గోళ్ళనిండా మన్నే. మంచి ఏడు ఎంత పండిందని ఎవరినీ అడిగేవాడు కాదు. "వానల్లేని ఏడు ఏం పండించినారు? అది చెప్పండి," అనేవాడు.

ఈ విచారణ కోసం తమ్ముడు బావి పక్క మన్ను మూటకట్టి తెచ్చినప్పుడు మామ ఎంత కోప్పడ్డాడో! "ఏందిరా ఇది, పెండ్లిచూపులా? మేలైందే ఏరుకొచ్చినావే! నాలుగు మూలలదీ తే. ఆడ ఒక మూల చవుడుండాదే, అది ముందు తే. చెడ్డది మనమే చూపిస్తే మంచిది నమ్ముతారు."

ఆ మన్ను నాలుగు కొబ్బరిచిప్పల్లో పోసి, అలసందలు నాటి, మిద్దె మీద పెట్టాడు. పోయే ముందురోజు కూడా తమ్ముడికి ఫోన్ చేశాడు. "మూడు మొలిచినాయిరా. చవుడుది ఇంకా రాలా. సరి, చూస్తాం."

దహనం చేసి వచ్చాక తమ్ముడు గోడకు ఆనుకుని కూలబడ్డాడు. "ఇంగ మనకెవురుండారక్కా?" అన్నాడు. నాకు మామ కోసం ఏడవాలో, చేను కోసం ఏడవాలో తెలియలేదు.

స్నానాలయ్యాక తడిబట్టలు ఆరేయడానికి మిద్దె ఎక్కాను. వాడు అప్పటికే చిప్పల ముందు కూర్చుని చెంబుతో నీళ్ళు పోస్తున్నాడు. మూడింట్లో ఆకులు వాడిపోయి ఉన్నాయి. నాలుగోదాంట్లో మన్ను పగిలి, గింజ పొట్టు నెత్తిన పెట్టుకుని మొలక వంగి ఉంది.

తమ్ముడు గభాలున మెట్లవైపు తిరిగాడు.

"మామా! చవుడు మూలది గూడా మొలిచింది, రా, చూడు!"

అలాగే మెట్లవైపు చూస్తూ ఉండిపోయాడు. చేతిలో చెంబు ఒరిగి, నీళ్ళన్నీ వాడి పాదాల మీద కారిపోతున్నాయి.