పత్తి పోసిన గది

పోయిన చలికాలం మా ముందుగది మాది కాదు, పత్తిది. మొగుడంపల్లి చేనులో ఏరిన పత్తిని రేటు వచ్చేదాకా జహీరాబాద్‌లోని మా ఇంట్లో పోయించింది అత్తమ్మ. రేటు ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. కుప్ప కిటికీ దాకా లేచింది. గోడకున్న స్విచ్‌బోర్డు, అందులో పెట్టిన ఫ్రిజ్ ప్లగ్గు దాని వెనక మునిగిపోయాయి.

తడికాళ్లతో అటు పోతే చాలు, అత్తమ్మ అరిచేది.

"తేమ తాకితే రేటు పోతది. జర సూసి నడు!"

నాకేమో నిప్పు భయం. అగ్గిపెట్టె, అగరుబత్తులు వంటగదికి మార్చాను. బీడీ కాల్చే చుట్టాన్ని వాకిట్లోనే కూర్చోబెట్టాను. గోరంతను కొండంత చేస్తానని మా ఆయన ఎగతాళి. నిప్పు బయటి నుంచే వస్తుందని నా తెలివి. ఆ ప్లగ్గు సంగతి ఎవరికీ తట్టలేదు.

ఒక సాయంత్రం అన్నం వారుస్తుంటే మాడు వాసన వచ్చింది. పొయ్యి మీద ఏదీ మాడలేదు.

"బయట ఎవరో చెత్త కాలవెడ్తున్నరు. నీకన్నీ అనుమానాలే," అంది అత్తమ్మ.

ముందుగదిలోకి పోతే వాసన ఎక్కువైంది. పొగ లేదు, మంట లేదు. కుప్ప మీద మా నాలుగేళ్ల పాప, బడిబట్టలతోనే, ఆదమరిచి నిద్రపోతోంది. పిల్లను లాగి చంకనేసుకున్నాను.

"అత్తమ్మా, వాసన పత్తిలకెళ్లే వస్తున్నది!"

వరండాలోని మెయిన్ స్విచ్ ఆపేశాను. పిల్లను పక్కింటావిడ చేతిలో పెట్టి, ఫైరింజనుకు ఫోన్ చేయమని ఆమెకు చెప్పాను. వెనక్కి వచ్చేసరికి అత్తమ్మ బోర్డు వైపు పత్తిని రెండు చేతులా లాగిపోస్తోంది. పైన తెలుపు, లోపల గోధుమరంగు, ఇంకా లోపల నలుపు. గాలి తగలగానే ఆ నలుపు అంచున ఎర్రటి గీత పాకింది.

నేను దాన్నే చూస్తూ నిలబడిపోయాను. అత్తమ్మే ఉరికి తాగునీళ్ల బిందె ఎత్తుకొచ్చి కుప్ప మీద కుమ్మరించింది.

"సూస్తవేందే, ఇంకో బిందె తే! పోతే పోనీ పత్తి!"

ఫైరింజను వచ్చేలోపు ఇంట్లో ఉన్న నీళ్లన్నీ పోశాం. వాళ్లు మిగతా కుప్పను వాకిట్లోకి లాగి, పరిచి, పూర్తిగా తడిపారు. కరిగిన ప్లగ్గు గోడకు అతుక్కుని ఉంది.

అంతా అయ్యాక పిల్లను పక్కింటి నుంచి తెచ్చుకుని ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను. మంచం ఉండగా అక్కడెందుకు పడుకున్నావని కసిరాను.

"మంచం సల్లగుంది అమ్మా. పత్తి కిందినుంచి ఎచ్చగొస్తుండె, అందుకే ఆడ పండుకున్న."