మామ మోసిన కావడి

మా మేనమామ పోయాడని పొదటూరుపేట నుంచి మనిషి వచ్చి చెప్పేసరికి నేను తిరువళ్ళూరు బడి మైదానంలో పిల్లల చేత చెడుగుడు ఆడిస్తున్నాను. ఈల నోట్లోనే ఉంది. ఆట ఆపమని ఊదడానికి కూడా ఊపిరి రాలేదు. మా నాలుగు ఊళ్ళు దాటితే ఆయన ఎవరికీ తెలియదు. చదివే మీకూ తెలియదు. అయినా రాయకుండా ఉండలేకపోతున్నాను.

సేద్యం చేసుకునే మనిషి. సాయంత్రం మడకలు విప్పగానే మా ఊరి కుర్రకారునంతా ఏటి ఇసుకలోకి తోలుకుపోయేవాడు. అడుగు దిగబడే ఇసుకలో పరుగెత్తించేవాడు, ఊపిరి బిగబట్టి కూత పెట్టించేవాడు. ఎంత బాగా ఆడినా మెచ్చుకునేవాడు కాదు. కుంటుతూ ఆడేవాణ్ణి మాత్రం చెవి పట్టుకుని బయటికి లాగేవాడు. "కాలు పోగొట్టుకుంటే మల్లా యాడ తెస్తావురా?" అనేవాడు. వయసులో ఉన్నప్పుడు ఆటలోనే ఆయన మోకాలు మెలిపడిందట. ఆశ చంపుకుని, ఆడకుండా కూర్చుని బాగుచేసుకున్నాడట. మాట్లాడుతూ ఆ మోకాలు తడుముకోవడం ఆయనకు అలవాటు.

నాకు మీసాలొచ్చే వయసులో ఆర్.కె.పేట జట్టు వాళ్ళు ముగ్గురు కలిసి నన్ను పడేశారు. కుడి చీలమండ బెణికి కుండలా వాచింది. మామ చింతాకు ఉడికించి కట్టాడు. ఉప్పు మూటతో కాపడం పెట్టాడు. వాపు తీయగానే ఆడతానని లేచాను.

"వాపు పోతే కాలు వచ్చినట్టేనా? ఆ కాలి మీదే నిలబడి పంచె కట్టుకో, చూస్తా" అన్నాడు.

పంచె సగం చుట్టేలోగా తూలి ఆయన మీదే పడ్డాను. "సుమ్మనుండు ఇంకా" అని నవ్వాడు.

ఈలోగా మా అమ్మ మొక్కుకుంది. నా కాలు బాగైతే ఆడికృత్తిక పండగకు నా చేత తిరుత్తణి కొండకు కావడి ఎత్తిస్తానని. ఏ కాలి కోసం మొక్కిందో ఆ కాలితోనే మెట్లెక్కాలి. కృత్తిక ముంచుకొచ్చింది. నేనింకా పంచె కట్టుకోలేకపోతున్నాను.

"వచ్చే ఏడు ఎక్కనీ అక్కా. ఇప్పుడు ఎక్కినాడంటే ఆటకే కాదు, మడకకూ పనికిరాడు" అన్నాడు మామ.

"నడస్తా ఉండాడు కదరా! నడిపించిన సామికే ఎగనామం పెట్టమంటావా? ఆ కోపానికి రెండో కాలు కూడా పోతే?"

అమ్మ ఏడ్చేసింది. నాన్న పోయిన దగ్గర్నుంచి ఆమెకు అన్నిటికీ భయమే. మామ చాలాసేపు మోకాలు తడుముకున్నాడు.

"వీడికి తొలి గుండు ఆ కొండ మీదే, నా ఒళ్ళో కూసోబెట్టి కొట్టించినావు. ఆ మొక్కు నా ఒళ్ళో తీరినప్పుడు ఈ మొక్కు నా భుజాన తీరదా అక్కా?"

అమ్మ కళ్ళు తుడుచుకుని కావడికి పూలు పురమాయించడానికి లేచింది. నేను మాత్రం ఆయన మోకాలి వైపే చూశాను.

కృత్తిక నాడు మామ పసుపు పంచె కట్టి, పూలకావడి భుజానికెత్తుకుని, "అరోగరా" అంటున్న జనంలో కలిసి ఎక్కాడు. నేను కింద నిలబడ్డాను. దిగేటప్పుడు ఒక్కో మెట్టుకూ ఆగుతున్నాడు, పక్కవాణ్ణి పట్టుకుంటున్నాడు.

"నొప్పా మామా?"

"లేదురా, మెట్లు తడిగా ఉండాయి."

ఆ రాత్రికే మోకాలు వాచింది. కట్టు కడతానని అమ్మ వెంటపడితే, "దుక్కుల కాలంలో కూసుంటే ఎట్ల?" అని తప్పించుకున్నాడు. మాకందరికీ చెప్పిన మాట తన కాలికి చెప్పుకోలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు. నేను ఒంటికాలి మీద పంచె కట్టుకుని చూపించిన రోజు ఆయన అరుగు మీద కూర్చునే చప్పట్లు కొట్టాడు. ఆ తర్వాత గట్టున కూర్చునే ఆట నేర్పాడు. బాగైన నా కాలితోనే ఆడి పేరు తెచ్చుకున్నాను, ఈ డ్రిల్లు మాస్టరు పనీ ఆటతోనే వచ్చింది. ఏమవుతుందో తెలిసే ఎక్కావా మామా అని అడగాలని ఎన్నిసార్లో అనుకున్నాను. తెలిసే ఎక్కాడు. ఆ జవాబు నాకు తెలుసు కనుకే అడగలేకపోయాను.

కబురు విన్నాక తిరుత్తణి దాకా రైల్లో, అక్కణ్ణుంచి బొగ్గుతో నడిచే బస్సులో వెళ్ళేసరికి ఆయన్ను వాకిట్లో పడుకోబెట్టారు. తెల్లగుడ్డ కింద ఆ మోకాలు ఇంకా కాస్త లేచే ఉంది. ఎవరో అదిమి సరిచేయబోతే వద్దన్నాను. పాడెకు నేనూ భుజం పెట్టాను. ఆయన మమ్మల్ని పరుగెత్తించిన ఏటి ఇసుకలోకే దిగాం. దిగబడుతున్న ఆ ఇసుకలో, ఆయన బరువు భుజాన ఉండగా, నా కుడికాలు ఒక్కసారి కూడా తూలలేదు.