విరిగిన కాలు ఏదో చెప్పు

నా చిన్నప్పుడు, ఏడో తరగతిలో, నా కాళ్ల మీద నాకే పట్టరాని కోపం వచ్చింది. బడి మైదానంలో అందరి ముందూ కూలబడి వాటిని పిడికిళ్లతో గుద్దుకున్నాను.

అంతకుముందు ఏడాదంతా పొద్దున్నే లేచి, సైదాబాద్ నుంచి చంపాపేట దాకా ఆగకుండా పరుగెత్తడం నేర్చుకున్నాను. జిల్లా పోటీలకు వెళ్లే పిల్లల్లో నా పేరు కూడా రాశారు. అంతలో టైఫాయిడ్ పట్టుకుంది. రెండున్నర నెలలు మంచం దిగలేదు. డాక్టరు ఇక ఫరవాలేదన్నాక మైదానానికి వెళ్తే, రెండు చుట్లకే ఊపిరి అందలేదు, తొడలు వణికాయి. డ్రిల్లు టీచరమ్మ నా పేరు కొట్టేసింది. "నీ పని అయిపోయింది, ఇంట్ల కూసో పో" అంది. పన్నెండేళ్ల పిల్లతో అనే మాటా అది? తలచుకుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి.

మా ఎదురింటి చాచా రిక్షా తొక్కేవాడు. ఆ ముందు సంవత్సరం ఆయన కాలు విరిగింది. పిండికట్టు విప్పిన రోజు ఆ కాలు రెండోదానిలో సగమై ఉండటం మా గల్లీ అంతా చూసింది. గడపలో ఏడుస్తున్న నా ముందు ఆయన లుంగీ పైకి మడిచి, రెండు పిక్కలూ చూపించాడు.

"ఇరిగిన కాలు ఏదో చెప్పు బేటీ."

ఎంత చూసినా చెప్పలేకపోయాను.

మర్నాటి నుంచి పొద్దున్నే ఆయన ఖాళీ రిక్షా పక్కన పరుగు. మా అమ్మ గుమ్మంలో నిలబడి చూసేది. మొదటి రోజు మసీదు మలుపు దగ్గరే ఆపేశాడు. ఇంకా ఓపిక ఉందని నేను గొడవపెట్టుకున్నాను. ఆయనకూ కోపం వచ్చింది.

"నేను గూడ గిట్లనే లొల్లి జేసి మొదటి రోజే అఫ్జల్‌గంజ్ దాకా తొక్కిన. మళ్ల వారం దినాలు మంచంల పడ్డ. నీకు గదే కావాల్నా? దమ్ము ఉండంగనే ఆగు. పండుకుంటే ఒళ్లు మస్తు జల్ది మరుస్తది. కానీ రెండోసారి నేర్చుకునుడు మొదటిసారంత కష్టం గాదు."

నమ్మలేదు. పళ్లు కొరుక్కుంటూనే ఆయన ఆగమన్న చోట ఆగాను. రోజూ కాస్త దూరం పెరిగింది. మొదట ఏడాది పట్టిన చంపాపేట, ఈసారి రెండు నెలలు నిండకుండానే వచ్చేసింది. ఆ మలుపులో నిలబడి ఆయన్ని ఆశ్చర్యంగా చూశాను. ఆయన మాత్రం బీడీ ముట్టించుకున్నాడు.

టీచరమ్మ దగ్గరికి వెళ్తే, పేర్లు పంపేశానంది, తలెత్తకుండానే. ఆ రోజు డ్రిల్లు పీరియడ్లో ఎవరూ చెప్పకపోయినా మైదానం చుట్టూ పరుగు మొదలుపెట్టాను. నా స్థానంలో తీసుకున్న అమ్మాయి నా వెంటే పరుగెత్తి, ఆరో చుట్టుకు ఆగింది. నేను పది తిరిగి, వెళ్లి టీచరమ్మ ముందు నిలబడ్డాను. పోటీకి మాత్రం ఆ అమ్మాయే వెళ్లింది. ఆ అన్యాయాన్ని నేను ఇవాళ్టికీ క్షమించలేదు.

ఆ తర్వాత రెండు కాన్పులకూ, ఒకసారి కామెర్లకూ నా పరుగు ఆగింది. మూడుసార్లూ తిరిగి తెచ్చుకున్నాను. నిరుడు మోకాలికి ఆపరేషన్ అయ్యాక మా అబ్బాయి "ఇక చాల్లే, కూర్చో అమ్మా" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. అయినా వాడి మీద ఇల్లెగిరిపోయేలా అరిచాను. తర్వాత కర్ర పట్టుకుని మెట్లు దిగి, నాలుగిళ్ల దాకా నడిచి, ఇంకా ఓపిక ఉండగానే వెనక్కి వచ్చాను.